పైకెక్కిన గీత

"ఛీ ఛీ! తియ్యి ఆ సీసా వాడి నోట్లోంచి! చీమలు పట్టాయి, కనబడటం లేదూ?"

సుమార్ని అరుపుకి పాకలో ఉన్న తల్లులంతా తలలు తిప్పారు. జావాలోని ఆ ఊళ్ళో నెలనెలా అయిదేళ్ళలోపు పిల్లల్ని తూచి, కార్డు మీద బరువు గీత గీసేది ఆవిడే. ఆవిడ మాటకి ఎదురు లేదు.

యాతి కంగారుగా కొడుకు చేతిలోంచి పాలసీసా లాగింది. నాలుగేళ్ళ గిలాంగ్ ఊరుకుంటాడా? గుంజుకుని మళ్ళీ చప్పరించాడు, చీమలతో సహా. నోరు తెరిస్తే ముందుపళ్ళ చోట నల్లటి మొండి ముక్కలు. మెడ మడతల్లో జిగట, దానిమీద మట్టి, పులిసిన వాసన. సుమార్ని ముక్కు మూసుకుంది.

వాణ్ణి గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి దూలానికి వేలాడే త్రాసుకి తగిలిస్తే, దాని కమ్మీ టప్పున ఎగిరి పైన కొట్టుకుంది. పాతిక కిలోలు దాటితే ఆ త్రాసు తూచలేదు. నేల మీది మిషను ఎక్కిస్తే ఇరవై ఏడున్నర.

"అబ్బో, నా బుజ్జి గుమ్మడికాయ!" అంటూ పక్కావిడ వాడి బుగ్గ గిల్లింది. అందరూ నవ్వారు.

"నవ్వండి, సిగ్గు లేకపోతే సరి! నాలుగడుగులేస్తే రొప్పుతున్నాడు. వీడి రక్తంలో చక్కెర ఎక్కువుంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని నర్సమ్మ చెప్పి వారమైంది. వెళ్ళావుటే?"

"సోమవారం వెళ్తానక్కా." యాతి కళ్ళు తుడుచుకుంది.

"ఏముంది సీసాలో?"

"పాలు."

సుమార్ని సీసా లాక్కుని వంచింది. పచ్చగా, తీగలు తీగలుగా సాగింది. "ఇవి పాలా? పాల పేరుతో డబ్బాలో అమ్మే పంచదార పాకమే ఇది! కాఫీలో చెంచాడు వేసుకునేది! దీన్ని సీసాలకి సీసాలు పడతావా? నువ్వసలు తల్లివేనా?"

"అది కాదక్కా, మీరే..."

"నోర్ముయ్! ఇవి పాలని ఎవరు చెప్పారే నీకు?"

"అదే చెబుతున్నా. ఆ డబ్బాలు మాకు..."

"సాకులు చెప్పకు! చేజేతులా పిల్లాణ్ణి చంపుకుంటున్నావు. నీ మొహం చూస్తేనే రోత పుడుతోంది!" సుమార్ని సీసాని మురిక్కాలవలోకి విసిరేసింది. గిలాంగ్ నేలమీద పడి దొర్లుతూ ఏడుపు లంకించుకున్నాడు. యాతి ఏడుస్తూనే వాణ్ణి లేవదీయబోయింది.

ఇంతలో ఊరిపెద్ద భార్య హర్తీని మైకు అందుకుంది. "ఈ నెల అందరికంటే గీత పైకెక్కింది ఎవరిదో తెలుసా? మన గిలాంగ్‌దే! కిలో ఎనిమిది వందలు! వరసగా మూడో నెల! చప్పట్లు కొట్టండమ్మా! సుమార్ని గారూ, ఎప్పట్లాగే మీ చేతుల మీదుగా బహుమతి ఇవ్వండి."

చప్పట్లు మోగాయి. "మళ్ళీ వీడికా, బహుమతి?" సుమార్ని పళ్ళు నూరింది. కానీ మైకులో పిలిచాక కాదనడం ఎలా? బల్లమీది ఎర్ర సంచి తీసి పిల్లాడి చేతిలో పెట్టింది. మహిళా సంఘం వాళ్ళు ముడేసి పంపే సంచి అది. ఏళ్ళ తరబడి పంచుతూనే ఉంది గానీ, లోపలేముందో విప్పి చూసిన పాపాన పోలేదు.

గిలాంగ్ ఏడుపు మింగి, ముడి లాగి, లోపల చెయ్యి పెట్టాడు. గుండ్రటి డబ్బా ఒకటి బయటికి తీసి గుండెకి హత్తుకున్నాడు.

"అమ్మా, ఏడవకే! మన పాలు పారేసిన పెద్దమ్మే మళ్ళీ పాలిచ్చింది!"