మీ ముఖం మీ సొంతం

పటాన్‌చెరులో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ముఖం చూసి హాజరు వేసే యంత్రం పెట్టారు. ఆ వారమే బీరంగూడలో అలాంటి యంత్రాలు వద్దంటూ సభ జరిగింది. "మీ ముఖం మీ సొంతం. అడగకుండా ఎవరూ తీసుకోకూడదు" అన్నాడు, సభ పెట్టడానికి నగరం నుంచి వచ్చిన సుధాంశు. అలాంటి మాట వినడం నాకదే మొదలు.

లేచి, పేరూ ఫ్యాక్టరీ చెప్పి, "చూపియ్యనంటే కొలువులకెంచి తీసేస్తరు గద సార్?" అన్నాను.

"భయపడకండి ఆమ్నాగారూ, మేమున్నాం."

మర్నాడు సూపర్‌వైజర్ తన ఫోన్ చూపించాడు. అందులో సభలో మాట్లాడుతున్న నా ఫోటో, కింద నా పేరు, ఫ్యాక్టరీ పేరు ఉన్నాయి.

"ఇగ రేపటి సంది రాకమ్మా" అన్నాడు.

ఏడుపు ఆపుకుని సుధాంశుకు ఫోన్ చేసి చెప్పాను.

"అయ్యో. ఆ ఫోటో మా పేజీలో నేనే పెట్టానండీ, చాలామంది చూశారు" అన్నాడు. "ఉద్యోగం పోయిందంటే ఇంకా ఎక్కువమంది చూస్తారు. ఇంకోటి పంపండి, కొంచెం దిగులుగా ఉన్నది."