కోటాకు లొంగని ఆవిడ

అందరూ ఇటు జరగండి. ఆ కబుర్లూ, ఆ పకోడీలు నమలడమూ కాసేపు ఆపండి. ఇది మంగళగిరిలో ఒక చీరల షాపులో జరిగింది.

రాత్రి షట్టర్ దించాక, మేడ మీది గదిలో, షాపు బిల్లులు చూసే ధనశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుంది. వాచ్‌మన్ భావనారాయణ గుమ్మంలో నిలబడ్డాడు. బిల్లింగునీ, కింది షాపు కెమెరా రికార్డింగునీ ఆ ఒక్క కంప్యూటరే నడపాలి. రికార్డింగే ప్రాసెసర్నీ డిస్కునీ మింగేస్తోంది. బిల్లింగ్ బిగుసుకుపోయింది. పొద్దున పెళ్లివారు వచ్చేలోగా అది కదలకపోతే ధనశ్రీ ఉద్యోగం ఊడినట్టే.

అందుకని రికార్డింగుకు ఇంతకు మించి వాడకూడదని కోటా పెట్టింది. ప్రాసెసర్లో పదో వంతు, డిస్కులో చిటికెడు. అప్పటిదాకా ఇసుక లారీలా రొప్పిన కంప్యూటర్ చప్పున నోరు మూసుకుంది.

తెర మీద షాపు బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఆపడం మరిచిన సీలింగ్ ఫ్యాను గెంతుతూ తిరిగింది. గడియారం ముల్లు ఎగిరెగిరి పడింది. మూల పరుపు మీద ఒకావిడ చీర మడతపెడుతోంది. ఆవిడ చేతులు మాత్రం నూనె పోసినంత సాఫీగా కదులుతున్నాయి.

"బాబాయ్, కింద ఎవరన్నా ఉండిపోయారా?"

"లేదమ్మా! అంతా చూసే కదా తాళం వేశాను."

బిల్లింగ్ ఇంకా కదల్లేదు. ధనశ్రీ కోటాను ఒక్క శాతానికి దించింది. తెర మీద ఫ్యాను ఆగింది. ముల్లు ఆగింది. ఆవిడ మాత్రం చీర పక్కన పెట్టి, లేచి, మెట్లవైపు నడిచింది.

బయట చెక్కమెట్టు కిర్రుమంది. తర్వాత, ఇంకొకటి.

భావనారాయణ తెరలోకి తొంగిచూశాడు.

"పోనీలెండమ్మా, ఇవాళ అసలు బోణీయే కాలేదు. ఓ చీర తీసుకోమని ఆవిడ్నే అడుగుదాం."