నీటి తలుపులు

కొల్లేటి గట్టు మలుపులో షేర్ ఆటో బోల్తా పడింది.

కబురు విని సలోమి పొలంలోంచి పరుగెత్తుకొచ్చింది. అక్కడ పోగైన జనంలో ఆమె కళ్లకు భర్త ప్రభుదాసు తప్ప ఇంకెవరూ కనపడలేదు.

తల రాయికి కొట్టుకుంది. స్పృహ లేదు, ఊపిరి మాత్రం ఆడుతోంది. చీరంతా బురదైన, ముక్కూ మొహం తెలియని ఒకావిడ అతని తల కదలకుండా పట్టుకుని కూర్చుంది.

చేపల వ్యాను ఆపి అందులో ఎక్కించారు. ఆవిడా ఎక్కేసింది.

దారిలో ఆర్‌ఎంపీ నిత్యానందం గారి ఇల్లు. జ్వరమైనా దెబ్బైనా, సీసా ఎక్కితేనే మావైపు వైద్యం జరిగినట్టు. ఆయన గ్లూకోజ్ సీసా పట్టుకుని వ్యాను దగ్గరికే వచ్చేశాడు.

"వద్దండి," అంది ఆవిడ.

ఒంట్లోకి బలం వస్తుందని ఆయన నచ్చజెప్పబోయాడు. ఆవిడ వినలేదు. తాను తాడేపల్లిగూడెం కాలేజీలో జువాలజీ చెబుతానంది. మెదడు కణాలకు నీళ్లు వచ్చిపోయే సన్నటి తలుపులుంటాయనీ, దెబ్బ తగిలితే వాటిగుండా నీళ్లు చొరబడి మెదడు వాస్తుందనీ, ఈ గ్లూకోజ్ నీళ్లు తోడైతే వాపు ఇంకా పెరుగుతుందనీ చెప్పింది.

సలోమికి తలుపులూ అర్థం కాలేదు, నీళ్లూ అర్థం కాలేదు. మొగుడికి వైద్యం అందనివ్వడం లేదని మాత్రం అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

"మీ ఆయనకైతే ఇలాగే అడ్డం పడతారా అండీ?"

ఆవిడ ఒకసారి గట్టు మలుపు వైపు తిరిగి చూసింది.

"ఆయనకైనా వద్దనే అంటానండి. డ్రైవరు గారూ, పోనివ్వండి. ఆలస్యమవుతోంది."

ఏలూరు చేరేదాకా సలోమి తిడుతూనే ఉంది. ఆవిడ పట్టుకున్న తల వదల్లేదు.

ఆసుపత్రిలో ప్రభుదాసును లోపలికి తీసుకెళ్లారు. మీరింక దయచేయండంది సలోమి. ఆవిడ వెళ్లిపోయింది.

చాలాసేపటికి డాక్టరు గారు బయటికొచ్చి, దారిలో సీసాలేమైనా ఎక్కించారా అని అడిగారు. లేదంది సలోమి.

"మంచి పని చేశారు. గ్లూకోజ్ ఎక్కించి ఉంటే వాపు చెయ్యి దాటిపోయేది. దక్కుతాడమ్మా."

సలోమికి సంతోషంతో పాటే సిగ్గూ ముంచుకొచ్చింది. కాళ్ల మీద పడైనా క్షమించమని అడుగుదామని వరండాలన్నీ వెతికింది.

చివరికి ఆసుపత్రి వెనక, శవపరీక్ష గది మెట్ల మీద కనిపించింది ఆవిడ. బురద చీరలోనే ఉంది. దగ్గరికి వెళ్లబోతూ, ఆవిడ ఇక్కడెందుకు కూర్చుందని సలోమి కాపలా అతన్ని అడిగింది.

"ఆటో బోల్తాలో అక్కడికక్కడే పోయినాయన ఈవిడ భర్తేనండీ," అన్నాడతను.