గదులు అడిగిన పేరు

కారప్పూస ఏ సంచిలో పెట్టాలని నేనూ మా ఆయనా పొద్దున్నే గొడవపడ్డాం. తీరా చూస్తే విశాఖలో రెండు రోజులుండటానికి మాకు గదే దొరకలేదు. ఇప్పుడు గదులే మనుషుల్ని ఎంచుకుంటున్నాయి. అడిగిన ప్రతి గదీ, "కిందటిసారి మీ అత్తగారు గదిలో పోపు పెట్టారు. ఆవిడ లేకుండా రండి" అని మర్యాదగా చెప్పింది.

"పోపు లేందే నీకు ముద్ద దిగదా అమ్మా?" అని ఆయన కసిరారు.

అత్తయ్య నావైపు చూడకుండా, "మీరెళ్ళి రండి నాన్నా, నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నారు.

ఆ పోపు పెట్టింది నేను. ఎవరని ఆనాడు గది అడిగితే, నిద్రపోతున్న అత్తయ్య పేరు చెప్పాను.

మధ్యాహ్నం ఆవిడకు అన్నం వడ్డిస్తూ తలెత్తలేకపోయాను.

భోజనాలయ్యాక ఆయన దగ్గరికెళ్ళి, "పోపు పెట్టింది నేనండీ. గదులన్నిటికీ చెప్పేశాను. అత్తయ్యను తీసుకుని మీరు వెళ్ళండి, నేను ఇంట్లో ఉంటాను" అన్నాను.