స్తంభం ఒప్పుకున్న బరువు

"ఆ రోలు స్తంభం పక్కనుంచి జరపమంటే వినవు," అన్నాడు జగదీశ్.

"జరిపితే దారికి అడ్డమంటారు," అంది వకుళ.

దూలాల్లేని పలచటి స్లాబుల ఇళ్లు వచ్చాక, స్తంభం చుట్టూ బరువు మించితే దాని మీది హెచ్చరిక దీపం ఎర్రబడుతుంది. ఆపైన స్తంభం స్లాబును చీల్చుకుని వస్తుందట. అందుకే మూడేళ్లుగా, ఒక్కొక్కరికే చోటుండే మూలల్లో, జగదీశ్ ఒక మూల, కూతురు సింధూర ఒక మూల తింటున్నారు. హాలు మధ్యలో స్తంభం దగ్గర, ఇద్దరి బరువుండే తన పుట్టింటి రోలు పక్కన వకుళ ఒక్కతే తింటుంది. పచ్చడి రుచి వాళ్ల ముఖాల్లో చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం కొబ్బరి పచ్చడి నూరి, రోలు కడిగి తుడిచింది. అందరూ కంచాల ముందు కూర్చున్నాక గొంతు పెంచి చెప్పింది.

"రేపు రోలు ఎవరికైనా ఇచ్చేస్తున్నాను. ఇకనుంచి ముగ్గురం ఇక్కడే తిందాం."

"అమ్మమ్మదిగా అది," అంది సింధూర అటు మూలనుంచి.

"అవునే. దాన్నీ మిమ్మల్నీ కలిపి మోయడానికి స్తంభం ఒప్పుకోవడం లేదు."