సందులోకి తిరిగిన పెళ్ళికూతురు

గోడ మీద కూర్చుని డెబ్బై ఏళ్ళ పెళ్ళికూతురు బుగ్గలకి ఎరుపు పూసుకుంటోంది.

పేరు యున్‌షెంగ్. మగవాడే. ఆ ఊరి కొయ్యకాళ్ళ జట్టులో, మీసం మొలిచిన ఏడాది నుంచీ పెళ్ళికూతురి వేషం ఆయనదే.

ఎక్కి ఊరేగే నడుమెత్తు కర్రలు కాళ్ళకి అప్పుడే తాళ్ళతో బిగించేసుకున్నాడు.

కింద షావ్‌వెయ్ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. యున్‌షెంగ్‌కి అన్నకొడుకు. ఈ ఏడు జట్టు పెత్తనం అతనిదే.

"ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్? లాంతర్ల పండక్కి టీవీవాళ్ళొస్తున్నారు. పెళ్ళికూతురిగా ఒకమ్మాయిని పెట్టాం. నువ్వు జెండా పట్టుకుందువుగాని, దిగు."

"దించు చూద్దాం. తాడు విప్పరా!"

షావ్‌వెయ్ చెయ్యి తాడు దాకా వెళ్ళి ఆగిపోయింది. కట్టిన కర్రలు ఊరేగింపు ముగియకుండా విప్పితే ఆ ఏడాది జట్టులో ఎవరో ఒకరి కాలు విరుగుతుందని వాళ్ళ భయం. టీవీవాళ్ళొచ్చినంత మాత్రాన ఆ భయం పోతుందా!

"ఇంత మొండేంటి బాబాయ్ నువ్వు! సరే, అందరికన్నా చివర్న నడు. పెద్ద రోడ్డు మీదే. ఈసారి వెనక సందుల్లోకి పోవడం లేదు."

యున్‌షెంగ్ విననట్టే పెదాలు దిద్దుకున్నాడు.

వెనక సందులోనే దెషున్ ఇల్లు. ఇన్నేళ్ళూ ఈ పెళ్ళికూతురి వెంటపడి ఊరిని నవ్వించిన కోణంగి అతనే. కోతల కాలంలో పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. అప్పట్నుంచీ నోట మాట లేదు.

డోళ్ళు మోగాయి. జట్టు కదిలింది. రోడ్డు పక్క కుర్రాళ్ళు ఈలలేశారు.

"మామ్మా, నీ మొగుడేడే?"

"ఇంటి దగ్గరున్నాడ్రా సన్నాసీ! వాడి దగ్గరికే పోతున్నా."

సందు మొగలో జట్టు తిన్నగా పోయింది. ఆయన పక్కకి తిరిగాడు.

"అటు కాదు! ఆగు బాబాయ్!"

ఆగడమా? కొయ్యకాళ్ళ మీద కదలకుండా నిలబడటం ఎవరి తరం? అడుగన్నా పడాలి, మనిషన్నా పడాలి. అడ్డం వెళ్ళే ధైర్యం షావ్‌వెయ్‌కి లేకపోయింది.

"నీ పెళ్ళికూతుర్ని నీ టీవీవాళ్ళకి చూపించుకో, పో!"

సందంతా గడ్డకట్టిన మంచు. డోలు లేదు, తాళం లేదు. ఈ వయసులో జారితే మళ్ళీ మంచం దిగడం కల్ల. అది తెలిసే, నడుం తిప్పుకుంటూ, చేతిరుమాలు ఊపుకుంటూ పోయాడు.

కర్రల టకటక విని దెషున్ కోడలు తలుపు తీసింది.

"అయ్యో మావయ్యా! ఈ మంచులోనా!"

"అరవకే తల్లీ. వాణ్ణి బయటికి తీసుకురా."

ఆమె దెషున్‌ని దుప్పట్లో చుట్టి, కుర్చీతో సహా గుమ్మంలోకి లాగింది.

యున్‌షెంగ్ మొదలుపెట్టాడు. ఆటలో దెషున్ తన చెయ్యి పట్టుకునే చోట విదిలించుకున్నాడు. వాడు కన్నుకొట్టే చోట మూతి తిప్పుకున్నాడు. వాడు బోర్లాపడే చోట పగలబడి నవ్వాడు. ఇద్దరి ఆట ఒక్కడే ఆడాడు.

దెషున్ వంకర మూతి కదిలింది.

"ము... ముసలి... దానివై... పోయావే."

కోడలు కుర్చీ ముందుకొచ్చి మావగారి మొహంలోకి చూసింది.

పెళ్ళికూతురు సిగ్గుపడింది. చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అడుగులు మాత్రం ఆగలేదు.

రుమాలు చాలాసేపు తియ్యలేదు.