నెల రోజుల గొయ్యి

నెలనెలా ఫోన్లలోనే వార్డు ఎన్నికలు జరిగే రోజులవి. కాకినాడ శివారులోని ఆ వీధిలో మురుగునీరు కుళాయి నీళ్లలో కలిసిపోయేది. నెగ్గిన ప్రతివాడూ వీధి చివర మల్లెపూల వాసన జల్లే యంత్రమొకటి పెట్టించి దిగిపోయేవాడు. మురుగూ మల్లెలూ కలిసిన ఆ కంపుకి వరహాలమ్మకు అన్నం సహించేది కాదు. కూతురు కామెర్లతో మంచం పట్టాక ఆవిడే పోటీకి నిలబడి నెగ్గింది. మర్నాడే కొత్త గొట్టాల కోసం వీధి తవ్వించింది.

"పూర్తవ్వడానికి ఏడాది పడద్దండి," అన్నాడు మేస్త్రీ.

"పట్టనీ. నువ్వు మొదలెట్టు."

గొయ్యి సగం వీధి దాటేసరికి మళ్లీ ఎన్నికలొచ్చాయి. వరహాలమ్మ చిత్తుగా ఓడిపోయింది. కొత్తగా నెగ్గినవాడు ముందు గొయ్యి పూడ్చమన్నాడు.

కూతురికి బార్లీ నీళ్లు పట్టిస్తూ ఆవిడ భర్తను అడిగింది. "మీరెవరికేశారండీ?"

సూర్రావు తల దించుకున్నాడు. "గొయ్యి దాటించి బండి బయటికి తియ్యలేక చచ్చిపోతున్నానే. ఈ ఒక్క నెలకీ కదా అని..."

 వరహాలమ్మకు మొగుడి ముఖం చూడబుద్ధి కాలేదు.

బయట ట్రాక్టరు గోతిలో మట్టి పోస్తుంటే వీధంతా చప్పట్లు కొడుతోంది. సూర్రావు బండి తాళం తీసుకుని లేచాడు.